జనరేటర్‌కి ఏం తాగిద్దాం?

శనివారం సాయంత్రమైతే చాలు, హైదరాబాద్ శివార్లలో శామీర్‌పేట చెరువు దారిలోనూ మేడ్చల్ హైవే పక్కనా ఫామ్‌హౌస్‌లు కళకళలాడతాయి. ఒకప్పుడు సినిమా హీరోలకే అనుకున్న కారవాన్ ఇప్పుడు మనలాంటివాళ్ళకూ అద్దెకు దొరుకుతోంది. బండిలో కాపురం మనకు కొత్తేం కాదు లెండి. 1982లో ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యాన్‌ను చైతన్యరథం చేసుకుని, రోడ్డు పక్కనే స్నానాలూ భోజనాలూ కానిస్తూ ఊరూరా తిరిగారు. మనకు మాత్రం ఏసీ చల్లగా తగలాలి, ఫోన్ నిండా ఛార్జింగ్ ఉండాలి. అందుకని జనరేటర్. దానికి ఏం పోయాలన్నదే ఇవాళ్టి కబురు.

అందరూ ముందు లీటరు ధర అడుగుతారు. నన్నడిగితే, ఆ జనరేటర్ నడిచే గంటలు కాదు, మూలన పడి ఉండే నెలలు లెక్కపెట్టమంటాను.

పెట్రోల్ సంగతే తీసుకోండి. రెండు కేవీఏ ఇన్వర్టర్ రకమైతే ఒక్కరే చేత్తో ఎత్తి డిక్కీలో పెట్టేయొచ్చు, చప్పుడూ తక్కువే. కాకపోతే తాగుబోతు. పూర్తి లోడు మీద యూనిట్‌కు అరలీటరు పైనే లాగేస్తుంది. 2024 మార్చిలో హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయల పైనే ఉండేది, ఆ లెక్కన యూనిట్ 60 రూపాయల దాకా పడుతుంది. దానికన్నా పెద్ద తంటా ఇంకొకటుంది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. సంక్రాంతికి వాడి, అలాగే వదిలేసి, శ్రావణంలో తాడు లాగితే ఎందుకు స్టార్టవుతుంది? మెకానిక్ కార్బొరేటర్ విప్పి, ‘‘సార్, అడుగున నీళ్ళే ఉన్నయ్’’ అంటాడు. పని కాగానే ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో మిగిలిన చుక్క కూడా అయిపోయేదాకా నడిపి ఆపితే ఈ గొడవ ఉండదు. కొనుక్కొచ్చేటప్పుడు మాత్రం ప్లాస్టిక్ సీసా పట్టుకెళ్ళకండి, అలా పోయడం నిబంధనలకు విరుద్ధం.

డీజిల్ అంత త్వరగా పాడవదు, అంత త్వరగా అంటుకోదు కూడా. యూనిట్‌కు పెట్రోల్ కన్నా తక్కువే తాగుతుంది. షూటింగుల్లో కారవాన్‌ల పక్కన డీజిల్ జనరేటర్ బండి నిలబడేది ఊరికే కాదు. కానీ సైలెంట్ డీజిల్ సెట్టును కదపాలంటే నలుగురు మనుషులు చాలరు. రాత్రంతా రెండు ఏసీలు నడవాల్సిన ఫామ్‌హౌస్‌కు అది బాగానే ఉంటుంది. బండి వెనక మోసుకు తిరగడానికి పనికిరాదు.

ఇక గ్యాస్. నాకు మనసులో ఇష్టం దీని మీదే. ఎన్ని నెలలున్నా చెడదు, పొగా మసీ తక్కువ. శక్తి మాత్రం పెట్రోల్ కన్నా కాస్త తగ్గుతుంది. అయితే వంటింట్లోని 14.2 కిలోల సిలిండర్ దీనికి బిగించడం నేరం, 19 కిలోల కమర్షియల్‌దే తెచ్చుకోవాలి. లీకైతే ఎల్పీజీ గాలికన్నా బరువు కాబట్టి నేలబారునే పేరుకుంటుంది. తలుపులు మూసుకుని పడుకునే బండిలో సిలిండర్ ఎక్కడ పెడతారో మీరే చెప్పండి. పోనీ సీఎన్జీ వాడదామంటే, శామీర్‌పేటలోనే భాగ్యనగర్ గ్యాస్ వాళ్ళ సీఎన్జీ మదర్ స్టేషన్ ఉంది. ఏం లాభం? సీఎన్జీకి కావాల్సిన దళసరి సిలిండర్ బరువు చేత్తో మోసే జనరేటర్‌కు కుదరదు.

కొనేముందు ఏసీ సంగతి కూడా అడగండి. మామూలు ఒక టన్ను ఏసీ నడిచేటప్పుడు వెయ్యి వాట్లకు అటూఇటూగా తీసుకున్నా, కంప్రెసర్ అందుకునే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది, జనరేటర్ ఆ లాగుడునూ తట్టుకోవాలి. ఇన్వర్టర్ ఏసీ అయితే మెల్లగా అందుకుంటుంది.

నెలకో రెండు నెలలకో ఒకసారి బయల్దేరే కుటుంబానికి నా ఓటు చిన్న పెట్రోల్ జనరేటర్‌కే, ట్యాంకు ఖాళీ చేసే ఓపిక ఉంటేనే సుమా. ఏ ఇంధనమైనా సరే, జనరేటర్‌ను కిటికీకి దూరంగా, పొగ గొట్టం అవతలివైపుకు తిప్పి, ఆరుబయటే పెట్టండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు.