సముద్రం లేని ఊరి నుంచి ఓడ యంత్రశాలకు

విశాఖపట్నం–దుర్గ్ వందే భారత్ రైలు 2024 సెప్టెంబరులో మొదలైన నాటి నుంచి భిలాయి మనకు ఎనిమిది గంటల దూరమైనది. అంతకు ముందు మా అక్కయ్య ఇంటికి వెళ్ళవలసి వచ్చినప్పుడల్లా సమతా ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు సంపాదించటమే ఒక ఘనకార్యం. గడచిన జూన్ మాసంలో ఒక శుక్రవారం భోజనానంతరం విశాఖలో రైలెక్కి, రాత్రి పదకొండు గంటల వేళకు దుర్గ్‌లో దిగాను. ఈసారి చుట్టపుచూపుగా వెళ్ళినది కాదు. "నీ మేనల్లుడు ఓడల ఇంజనీరు అవుతానంటున్నాడు తమ్ముడూ. నువ్వు సముద్రం ఒడ్డున ఉన్నవాడివి. ఒకసారి వచ్చి వాడితో మాట్లాడు" అని అక్కయ్య ఫోనులో కబురు చేసింది. ముప్పై ఏళ్ళుగా థర్మల్ పవర్ ప్లాంటులో టర్బైన్ల మధ్య తిరుగుతున్న నాకు సముద్రం సంగతి ఏమి తెలుసునని సంకోచించినా, కాదనలేకపోయాను.

దారి పొడుగునా సముద్రం వెనుకబడిపోతున్న భావనే. పార్వతీపురం దాటాక కొండలు దగ్గరపడతాయి. రాయగడలో నాగావళి కనిపిస్తుంది. తితిలాగఢ్ వచ్చేసరికి చీకటి పడుతుంది. మహాసముంద్ దాటిన పిమ్మట రైలు మహానది వంతెన మీదుగా సాగింది. ఊరి పేరులో మహాసముద్రం ధ్వనిస్తున్నా ఆ ప్రాంతానికి, సముద్రానికి ఉన్న చుట్టరికమంతా ఈ నదిదే. దుర్గ్ పక్కన పారే శివనాథ్ మహానదిలో కలిసి, ఒడిశా మీదుగా బంగాళాఖాతం చేరుతుంది. భిలాయి నీటిబొట్టు సముద్రం చూడాలంటే అంత ప్రయాణం చేయాలి.

మన కర్మాగారం దేశంలో సముద్రతీరాన వెలసిన తొలి సమగ్ర ఉక్కు కర్మాగారం. భిలాయిని నిర్మించిన నాటి ఆలోచన వేరు. ఇనుప ఖనిజం దల్లీ-రాజహరా గనుల నుంచి, సున్నపురాయి నందిని నుంచి వచ్చే చోట కొలిమిని పెట్టారు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నెస్‌ను ప్రారంభించారు. నాటి నిర్మాణపు రోజుల్లోనే శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వందల కుటుంబాలు తట్టా బుట్టా సర్దుకొని ఇక్కడికి వచ్చాయి. మా బావగారి తండ్రి వారిలో ఒకరు. ఇప్పుడు ఆ ఇళ్ళలో మూడవ తరం పిల్లలు హిందీలో పోట్లాడుకొని, తెలుగులో అన్నం అడుగుతారు. సెక్టార్ 5లోని బాలాజీ మందిరం ఆవరణలో సాయంత్రం వేళ కూర్చుంటే మన టెక్కలి సంతలో కూర్చున్నట్లే ఉంటుంది. వెడల్పాటి వీధులు, వరుసలు తప్పని క్వార్టర్లు, వాటి మధ్య వేప, గుల్మొహర్ చెట్లు. మన ఉక్కునగరం వారికి ఈ ఊరు కొత్తగా తోచదు.

బావగారు ఆ కర్మాగారంలో పవర్ అండ్ బ్లోయింగ్ స్టేషన్‌లో బాయిలర్ల దగ్గర పనిచేసి ఏడాది క్రితం పదవీ విరమణ చేశారు. శనివారం ఉదయం కాఫీలయ్యాక ఆయన నా ముందు ఒక రంగుల కరపత్రం పెట్టారు. అందులో తెల్లని యూనిఫారం, బంగారు పట్టీలు, నీలి సముద్రం. వెనుక పుటలో ఫీజుల వివరాలు. ఆ సంస్థ తరఫున వచ్చిన మధ్యవర్తి, ఎనిమిది లక్షలు ముందుగా కడితే చదువు, ఆపైన ఓడలో ఉద్యోగం రెండూ ఖాయమని చెప్పి వెళ్ళాడట. "గ్రాట్యుటీ సొమ్ము బ్యాంకులోనే ఉంది. సోమవారంలోగా కట్టాలి" అన్నారు బావగారు.

ఆ సోమవారం మాట వినగానే నా గుండె గుభేలుమన్నది. మా షాపులో ఒక సహోద్యోగి ఇదే విధంగా కొడుకు చదువుకు డబ్బు కట్టాడు. కుర్రవాడు చదువు పూర్తిచేశాడు, సర్టిఫికెట్లూ వచ్చాయి, ఓడ మాత్రం రాలేదు. రెండేళ్ళు ఎదురుచూసి చివరకు పంపుల మరమ్మతు పనిలో చేరాడు. ఓడ మీద శిక్షణకాలం పూర్తిచేయనిదే పరీక్షకు అర్హత రాదు. పరీక్ష ప్యాసు కానిదే ఇంజనీరుగా ఓడ ఎక్కనివ్వరు. ఈ చదువులో అసలు కిటుకు అక్కడే ఉన్నది. కళాశాల సీటు దొరకటం కంటే మొదటి ఓడ దొరకటం కష్టం. అందువల్ల ఫీజు కట్టేముందు అడగవలసినది హాస్టలు గదుల గురించి కాదు. ఏ నౌకాసంస్థ స్పాన్సర్ చేస్తున్నది, ఆ పత్రం ఎవరి పేర వస్తున్నది అని అడగాలి. నావికులను ఉద్యోగాలకు పంపే ఏజెంటుకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుని దగ్గర రుసుము పుచ్చుకోవటం నిషిద్ధం. ఈ సంగతులు చెప్పగా బావగారు కరపత్రాన్ని మడిచి దినపత్రికల కింద పెట్టారు, కాని ముఖం తేటపడలేదు.

మేనల్లుడు మాత్రం కరపత్రం చూసి మోజుపడినవాడు కాడు. ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలలో అరవై శాతం దాటిన మార్కులు, ఇంగ్లీషులో కావలసినన్ని ఉన్నాయి. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశపరీక్ష రాశాడు. 2008లో చెన్నై కేంద్రంగా ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయంలోకి కలకత్తా తారాతలాలోని పాత విద్యాలయం కూడా చేరింది. 1949లో మొదలై, డి.ఎం.ఇ.టి. అన్న పేరుతో తరతరాల ఓడ ఇంజనీర్లను తీర్చిన విద్యాలయమది. కుర్రవాడి ర్యాంకుకు కలకత్తా సీటు వస్తుందో రాదో చెప్పలేని స్థితి. తండ్రి మధ్యవర్తి మాట వినటానికి కారణం ఆ సందిగ్ధమే.

"ఎందుకురా ఓడలు? సముద్రాన్ని నువ్వు చూసినది మా ఇంటికి వచ్చినప్పుడు రెండుసార్లే కదా" అన్నాను. వాడు నవ్వి, "నేను సముద్రం కోసం వెళ్ళటం లేదు మావయ్యా, ఇంజను కోసం" అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది. ఇంజనీరుకు డెక్కు మీది సూర్యాస్తమయాలు దొరకటం అరుదు. ఒకసారి విశాఖ రేవులో బొగ్గు దింపుతున్న ఓడలోకి, చీఫ్ ఇంజనీరుగా ఉన్న మిత్రుని వెంట వెళ్ళాను. నిచ్చెన మెట్లు దిగుతూ ఉంటే అంతస్తుల తరువాత అంతస్తులుగా యంత్రశాల. వేడి నలభై డిగ్రీలు దాటి ఉంటుంది. ప్రధాన ఇంజను మూడంతస్తుల ఇంటి ఎత్తున ఉన్నది. రెండు స్ట్రోకుల డీజిల్ ఇంజనది. నిమిషానికి నూరు చుట్ల లోపే నెమ్మదిగా తిరుగుతుంది కనుక గేరు పెట్టె అవసరం లేకుండా ప్రొపెల్లరుకు నేరుగా కలిపారు. దాన్ని నడిపించే మొదటి ఊపు సుమారు ముప్పై బార్ల ఒత్తిడిలో ఉన్న గాలిది. ముడి నూనె శుద్ధిలో అడుగున మిగిలే చిక్కటి ఇంధనాన్ని నూటముప్పై డిగ్రీల దాకా కాచి పలుచన చేస్తేగాని సిలిండరులోకి వెళ్ళదు. అందులోనూ గంధకం 0.50 శాతానికి మించరాదన్న నిబంధన 2020 జనవరి 1 నుంచి ప్రపంచమంతటా అమలులోకి వచ్చింది.

ఇదంతా నేను చెబుతూ ఉంటే అప్పటివరకు ముభావంగా కూర్చున్న బావగారు, "నూనె కాచటానికి ఆవిరి ఎక్కడిది? బాయిలరు ఉంటుందా?" అని అడిగారు.

"ఉంటుంది నాన్నా."

"మరి నీళ్ళు? సముద్రపు నీళ్ళు బాయిలరులో పోస్తే ట్యూబులు నెలలో పోతాయే!"

అప్పుడు కుర్రవాడు నోటుపుస్తకం తెచ్చి బొమ్మ గీశాడు. ఇంజనును చల్లబరచి వేడెక్కిన నీటిని ఒక పాత్ర గుండా పంపుతారు. ఆ పాత్రలో గాలిని తోడివేసి శూన్యం కల్పిస్తారు. అందువల్ల సముద్రజలం యాభై డిగ్రీల లోపే మరిగి ఆవిరవుతుంది. ఆ ఆవిరిని మళ్ళీ చల్లార్చితే మంచినీరు. కండెన్సరు వాక్యూమ్ పడిపోతుందేమోనని ముప్పై నాలుగేళ్ళు రాత్రి షిఫ్టులలో గేజి వంక చూసిన మనిషికి అంతకంటే వివరణ అక్కరలేకపోయింది. "వాక్యూమ్ ఎంత పెడతారు?" అంటూ కుర్చీ ముందుకు జరుపుకున్నారు. తండ్రీకొడుకులు ఆ బొమ్మ మీద వంగి గంటసేపు మాట్లాడుకున్నారు. అక్కయ్య భోజనానికి మూడుసార్లు పిలవవలసి వచ్చింది.

సాయంకాలం కంటి వైద్యుని వద్దకు వెళ్ళాము. ఈ వృత్తిలో చేరదలచినవారు మార్కులకంటే ముందు చూసుకోవలసినది కళ్ళు. రంగులు గుర్తించలేనివారిని వైద్య పరీక్షలోనే తిరస్కరిస్తారు. యంత్రశాలలో గొట్టాలకు రంగుగుర్తులుంటాయి. ఇంధనానికి గోధుమ వర్ణం, సముద్రజలానికి ఆకుపచ్చ, మంచినీటికి నీలం. పొరబడితే ప్రమాదం. డబ్బు కట్టి, చేరిన తరువాత ఈ లోపం బయటపడిన పిల్లలున్నారట. చుక్కల బొమ్మల పుస్తకంలో మావాడు అంకెలన్నీ తడుముకోకుండా చదివాడు. బయటికి వచ్చాక బావగారు ముగ్గురికీ చెరకురసం ఇప్పించారు. అసలు పరీక్ష డైరెక్టరేటు ఆమోదించిన వైద్యుని దగ్గర తరువాత ఎలాగూ జరుగుతుంది.

ఆదివారం మైత్రీబాగ్‌కు వెళ్ళాము. సోవియట్ స్నేహానికి గుర్తుగా నిర్మించిన ఆ ఉద్యానంలో తెల్లపులుల దగ్గర పిల్లల సందడి అంతా ఇంతా కాదు. మా సంభాషణ మాత్రం పులుల మీద లేదు. 3,600 మిల్లీమీటర్ల వెడల్పు పలకలు చేసే భిలాయి ప్లేట్ మిల్లు గురించి బావగారు చెప్పుకొచ్చారు. 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన విక్రాంత్ వాహకనౌకకు వాడిన సుమారు ముప్పై వేల టన్నుల ప్రత్యేక ఉక్కు బొకారో, రూర్కెలా, భిలాయి కర్మాగారాల నుంచే వెళ్ళింది. ఆ ఉక్కుకు సూత్రం రూపొందించినది మన హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాశాల. "మా ఊరి పలకలు వాడికంటే ముందే సముద్రం చేరాయి" అన్నారు బావగారు. రెండు రోజుల్లో ఆయన హాస్యమాడటం అదే మొదటిసారి.

ఆ రాత్రి నిర్ణయం జరిగింది. సోమవారం ఎవరికీ డబ్బు కట్టనక్కరలేదు. కౌన్సెలింగ్‌లో విశ్వవిద్యాలయం సీటు వస్తే చేరటం, నౌకాసంస్థల స్పాన్సర్‌షిప్ పరీక్షలు రాయటం. రాకపోతే ఇక్కడే మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, పట్టా పుచ్చుకున్నాక ఏడాది మెరైన్ శిక్షణతో అదే దారిలోకి రావటం. రెండవ దారిలో సముద్రం ఏడాది ఆలస్యమవుతుంది గాని, ఓడ దొరకకపోయినా చేతిలో పట్టా మిగులుతుంది. ఆ తరువాత ఓడ మీద కనీసం ఆరు నెలలు, క్లాస్ ఫోర్ పరీక్ష, ఆపైన క్లాస్ టూ, క్లాస్ వన్. చీఫ్ ఇంజనీరు కావటానికి ఎంత లేదన్నా పదేళ్ళు పడుతుందని వాడే లెక్క చెప్పాడు.

అక్కయ్య ఈ చర్చలన్నిటిలోను ఒక్క మాట కూడా కలిపించుకోలేదు. సోమవారం తెల్లవారుజామున ఐదుంబావుకే దుర్గ్ స్టేషనులో ఉన్నాము. రైలు కదలటానికి కాస్త ముందు, టిఫిను పొట్లం చేతికిస్తూ, "ఓడలో ఫోను పలుకుతుందా తమ్ముడూ?" అని అడిగింది. ఇప్పుడు చాలా ఓడలలో ఉపగ్రహం ద్వారా పలుకుతుందని, డ్యూటీలో ఉన్నప్పుడు మాత్రం తీయడని చెప్పాను. ఒకసారి ఎక్కితే ఆరు నెలలు ఇంటికి రాడన్న సంగతి కూడా దాచలేదు. "వాళ్ళ నాన్న రాత్రి షిఫ్టుకు వెళితే తెల్లారేదాకా నాకు నిద్ర పట్టేది కాదు" అని ఊరుకుంది.

కొంతసేపటికి మళ్ళీ, "వాడి ఓడ మీ రేవుకు వస్తే లోపలికి పోనిస్తారా?" అన్నది. రేవులోకి పాసు కావాలన్నాను. ఆ పాసుకు ఏమేమి కాగితాలు పెట్టాలో కనుక్కొని ఫోను చేయమని, మరిచిపోవద్దని, రైలు కదిలాక కూడా కిటికీ పక్కన నడుస్తూ సైగ చేసింది.