ఇదేం బొమ్మ అంటవా వదినా?

వదినా, పనైందా? జర గోడకాడికి రా. పొద్దుగాల నీ బిడ్డ గీసింది చూసి "కన్ను లేదు, ముక్కు లేదు, ఇదేం బొమ్మనే" అని కోపం చేసినవు గద, మా వాకిట్లకు ఇనవడ్డది. అప్పటిసంది నీకొక మనిషి ముచ్చట చెప్పాల్నని ఉన్నది.

ఎన్. కృష్ణారెడ్డి అని, మన తెలుగాయన. 1925ల చిత్తూరు జిల్లా నందనూరుల పుట్టిండు. వాళ్ల నాయిన పొలం పని చేసుకుంటనే గుళ్లల్ల బొమ్మలు చేసేటోడట. గసొంటి ఇంటి పిలగాడు శాంతినికేతన్‌ల చిత్రకారుడు నందలాల్ బోస్ దగ్గర చదివి, ఆడికెల్లి లండన్ స్లేడ్ స్కూలుకు పోయిండు. ఆడ శిల్పం ఎవలి దగ్గర నేర్చుకున్నడనుకున్నవు? హెన్రీ మూర్ దగ్గర! ఇంగ్లండుల నవీన శిల్పం అంటే ముందుగాల ఆయన పేరే చెప్తరు. ఆయన సుత కష్టం చేసుకునే ఇంటోడే, బొగ్గుగని కార్మికుని కొడుకు. పండుకున్న ఆడమనిషిని చెక్కితే నడుమ బొక్కలు పెట్టేటోడు, అండ్లకెల్లి అవతలి చెట్లు, మొగులు కనవడాలె. ఖాళీ జాగ కూడ శిల్పమే అని ఆయన పని చూస్తే తెలుస్తది.

లండన్ తర్వాత పారిస్‌ల జాడ్కిన్ దగ్గర, మిలాన్‌ల మరీనో మరీనీ దగ్గర సుత శిల్పం నేర్చుకున్నడు. పారిస్‌లనే స్టాన్లీ విలియం హేటర్ అనే ఇంగ్లండాయన 1927ల పెట్టిన 'అటెల్యే 17' అనే కార్ఖానా ఉండె. అచ్చు బొమ్మలు చేసేటోళ్లు దేశదేశాలకెల్లి వచ్చి ఆడ కలిసి పని చేసేటోళ్లు. మనాయన ఆడ కుదురుకున్నడు.

ఇగ అసలు ముచ్చట ఇను. అచ్చేసే లోహపు రేకును ఆయన ఉత్త కాయితం తీరు చూడలే, శిల్పం తీరు చెక్కిండు. యాసిడ్‌తోని కొంత, పనిముట్లతోని కొంత, ఒక్కో జాగల ఒక్కో లోతు. అన్న నేసే జకార్డ్ టవల్ యాదిజేసుకో: పోగులు లేచిన కాడ పువ్వు, అణిగిన కాడ నేల. రేకు మీద గూడ గట్లనే ఎత్తుపల్లాలు. మీద రంగు పూసే రోలర్లు రెండు తీర్లు. గట్టిది పైపైన తాకుతది, మెత్తది లోతులకు దిగుతది. ఒక రంగుల నూనె ఎక్కువ కలుపుతరు, ఒక దాండ్ల తక్కువ. పల్చటి రంగు ముందుగాల పడ్డ కాడ చిక్కటి రంగు అంటదు. అట్ల ఒక్క రేకు మీదికే అన్ని రంగులొచ్చి, ఒక్క తాపనే అచ్చు పడుతది. అంతకుముందు రంగుకో రేకు చేసుడే రివాజు. ఈ పద్ధతి పెంచుట్ల బొంబాయి కళాకారుడు కైకో మోతీ గూడ ఆయనకు తోడున్నడు.

"అయితే బొమ్మలు ఎట్లుంటయే?" అంటున్నవా? 1963ల 'సుడిగుండం' అని ఒకటి చేసిండు. నీళ్లు గుండ్రంగ తిరిగే జోరు ఉంటది, కన్నూ ముక్కూ ఉండయి. అయినా చూస్తే అది నీళ్లే అని కండ్లకు తెలుస్తది. 1964ల కెనడా మాంట్రియల్‌ల దేశదేశాల శిల్పులు కూడి పని చేస్తే అండ్ల ఆయన సుత ఉన్నడు. 1972ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. తర్వాత న్యూయార్క్ యూనివర్సిటీల ఏండ్లకేండ్లు పాఠం చెప్పిండు, 2018ల న్యూయార్క్‌లనే పోయిండు.

నాకు ఆయన మీద ఇంత మర్యాద ఎందుకంటే, కష్టపడి సాధించిన కిటుకు దాసుకోలే. 1988ల పుస్తకమే రాసి అందరికిచ్చిండు, పక్కన నిలవడి చేయిపట్టి నేర్పిండు. మన పేటల పాత డిజైన్ మాస్టర్లు పోయినప్పుడల్లా వాళ్లతోనే పోయిన పనితనం ఎంతనో నీకూ ఎరుకనే.

వదినా, టవల్ మీది గీతలు చూసి ఎవలన్న "ఇదేం బొమ్మ" అని అడుగుతరా? చెయ్యి పెట్టి చూస్తరు, రంగు చూస్తరు, మనసుకు పడితే కొంటరు. నీ బిడ్డ గీసింది గూడ గట్ల చూడు. బొమ్మలతోని బువ్వ దొరుకుతదో లేదో నేను చెప్పలేను, అబద్ధం ఎందుకు. గని పిల్ల చేతుల పని ఉన్నది, ఆ పని నేర్పే గురువు కావాలె. బొంబాయిల బొమ్మల పని నేర్పే జె.జె. స్కూలుకు దరఖాస్తు పెట్టిపియ్యి. అన్నకు నేను చెప్పాల్నంటే చెప్తా, రాత్రికి వస్తా.