లోపము పిల్లలోనా, చక్రములోనా?

మన యిండ్లలో ఆడుపిల్ల ఏ పనియందైనను అలసినచో "దానికి బలము చాలదు" అను మాట ముందుగా పుట్టును. ఆ పనిముట్టు ఎట్టిది, ఏ పని కొఱకు చేయబడినది అను విచారణ తఱచుగా పుట్టనే పుట్టదు. రోలు నునుపెక్కి పిండి మెదగకున్నచో కక్కు కొట్టించవలెను గాని, రుబ్బెడి దానిని నిందించి లాభమేమి? ఈ న్యాయమునే సైకిలు విషయమున మేము చూచితిమి. సోదరీమణులకు ఉపయోగపడునని వ్రాయుచున్నాము.

మా అమ్మాయి చదివెడి కళాశాల మా యింటికి 9 కిలోమీటర్లు. మొదటి 2 కిలోమీటర్లు కంకర త్రోవ, తక్కిన 7 తారురోడ్డు. వారమునకు మూడు దినములు ప్రయోగశాలలో తరగతి ముగియునప్పటికి మా వైపు బస్సు వెడలిపోవును. అందుచే అన్నగారు విడిచిన మౌంటెన్ సైకిలే ఆమెకు ఆధారము. కాని యిల్లు చేరునప్పటికి కాళ్లు వణకుచుండెడివి. రాత్రి పుస్తకము ముందు కునుకుపాట్లు. మా అత్తగారు జాలిపడి, "ఆ తరగతి మానిపించరాదా, అమ్మాయీ? ఆడపిల్లకు ఇంత శ్రమ యెందుకు?" అనిరి. పిల్లయు, "నాకు చేతకాదేమోనమ్మా" అని తల వంచుకొనెను. ఆ తరగతి మానినచో ఆమె కోరిన చదువే మానినట్లు.

బండి తారురోడ్డు మీదికి ఎక్కగనే టైర్లు గుమ్మని మ్రోయుట మేము గమనించితిమి. ఆ మ్రోతయే రోగమునకు గుర్తు. ఇట్టి సైకిళ్లు 1970 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, టమాల్‌పాయస్ అను కొండ నుండి దిగుటకై యువకులు పాతబండ్లను మార్చుకొనుటతో ప్రబలినవి. బురదను, మట్టిని పట్టుకొనుటకు వాని టైర్లకు పెద్ద బొడిపెలుండును. తారురోడ్డుపై పట్టుకొనుటకు మట్టి యేదీ? ప్రతి బొడిపెయు వంగుచు, లేచుచు, త్రొక్కువారి బలమును వృథాగా తినివేయును. ఇసుకలో నడచినవానికి గట్టినేలపై నడచినవానికంటె అలసట హెచ్చు గదా!

దీనికి ఉపాయములు రెండు. త్రోవ యంతయు తారురోడ్డైనచో బొడిపెలు లేని నున్నని టైరు మేలు. వానలో అది జారునని పలువురు భయపడుదురు. కారు టైరు వెడల్పైనది, వేగమైనది. నీటిపై తేలకుండుటకు దానికి గాడులు కావలెను. సైకిలు టైరు సన్ననిది, గుండ్రనిది. సైకిలు వేగమున అది నీటిని ప్రక్కకు త్రోసి నేలను అంటుకొనును. అయితే తడిసిన తెల్లగీతలపైనను, ఇనుపమూతలపైనను ఏ టైరైనను జారును. అచ్చట మెల్లగా పోవలెను. త్రోవలో కంకరయు కలిసియున్నచో గ్రావెల్ టైరు తగినది. దానికి నడుమ ఇంచుమించు నునుపు, ప్రక్కల చిన్నబొడిపెలు ఉండును. మేము దీనినే యెంచితిమి. లోతైన బురదలో మాత్రము పాతటైరే మేలు. కనుక దానిని పాఱవేయలేదు.

కొనునపుడు టైరు ప్రక్కనున్న అంకెలను చదువవలెను. ఒక దుకాణమున "26 అంగుళములదే" యని మాకు ఇచ్చిన టైరు రిమ్ముకు పట్టలేదు. 26 అను పేరు గల రిమ్ములు పలు కొలతలవి. మౌంటెన్ సైకిలు రిమ్ము 559 మిల్లీమీటర్లు. 26×1⅜ అని వ్రాసిన టైరు 590 మిల్లీమీటర్ల రిమ్మునకు సంబంధించినది. పెద్ద చక్రపు బండ్లలో 27.5 అనునవి 584, 29 అనునవి 622. మా పాతటైరు 26×1.95, క్రొత్తది 47-559, అనగా వెడల్పు 47 మిల్లీమీటర్లు. ట్యూబు కూడ ఆ వెడల్పునకు తగినదై యుండవలెను; మిక్కిలి పెద్దదైనచో లోపల ముడుతలు పడును.

బిగించుట వంటకంటె కష్టము కాదు. గాలి తీసి, టైరు అంచును చేతులతో వదులుచేసి, ప్లాస్టిక్ లివరుతో ఎత్తవలెను. గరిటె కాడతో పెల్లగించినచో ట్యూబు చిరుగును. డిస్కు బ్రేకుల బండియైనచో చక్రము విప్పియున్నంతసేపు బ్రేకు పిడిని నొక్కరాదు. టైరుపై బాణపు గుర్తున్నచో అది చక్రము తిరుగు దిక్కునకే ఉండవలెను. ట్యూబునకు కొంచెము గాలి పట్టించి లోన అమర్చి, అంచు క్రింద అది నలుగలేదని చుట్టును చూచి, అప్పుడు పూర్తిగా గాలి కొట్టవలెను. మా అమ్మాయి బరువునకు వెనుక 45, ముందు 40 పౌండ్లు సరిపోయినవి. టైరుపై వ్రాసిన పైహద్దును ఎన్నడును దాటరాదు. టైరు సన్నబడుటచే పెడలు నేలకు కొంచెము దగ్గఱయగును. మలుపులలో లోపలివైపు పెడలును పైకెత్తి యుంచవలెను.

బండికి రెక్కలు రాలేదు. ఎదురుగాలి ఎదురుగాలియే, మిట్ట మిట్టయే. కాని 42 నిమిషముల ప్రయాణము 36 నిమిషములకు తగ్గినది. అంతకంటె ముఖ్యముగా, రాత్రి పుస్తకము తెఱచుటకు ఓపిక మిగిలినది. అదే పిల్ల, అవే కాళ్లు.

1894లో ఆనీ లండండెరీ అను స్త్రీ బోస్టన్ నుండి సైకిలుపై లోకము చుట్టుటకు బయలుదేఱినది. ఆమె మొదటి బండి 42 పౌండ్ల బరువు. చికాగోలో దానిని విడిచి, 21 పౌండ్ల బండి నెక్కి ప్రయాణము సాగించి, 1895లో తిరిగివచ్చినది. మాఱినది బండియే కాని ఆమె కాదు.

కావున, సోదరీమణులారా, మీ పిల్ల "నాకు చేతకాదు" అన్ననాడు, ఆమె మాటను వెంటనే అంగీకరింపకుడు. ముందు వంగి చక్రమును చూడుడు, అంకెలు చదువుడు, గాలి కొలిపించుడు. అన్నియు సరిగా నున్నను కష్టమైనచో అప్పుడు ఆలోచింపవచ్చును. టైరు రబ్బరు చేయు తప్పునకు పిల్ల చదువును బలియిచ్చుట న్యాయము కాదు.