పంక్చర్ సాయిబు కొడుకు

ముస్లిం అంటే పంక్చర్లేసేవాడు. ఈ మాట మీరూ వినే ఉంటారు. కొందరు నవ్వుతూ అంటారు, కొందరు జాలిపడుతూ అంటారు. 2025లో వక్ఫ్ చట్టం మీద దేశమంతా వాదులాడుకున్న రోజుల్లో ఈ మాట పెద్ద వేదికల మీదికి కూడా ఎక్కింది. వెక్కిరించేవాడికీ జాలిపడేవాడికీ ఒక్క విషయంలో తేడా లేదు. ఇద్దరి లెక్కలోనూ అది పని కాదు, గతిలేనితనం.

మా అబ్బా కంచరపాలెంలో ఆ పనితోనే మా నలుగురినీ పెంచాడు. షాపంటే పెద్ద షాపేం కాదు. రేకు కింద ఒక చెక్క పెట్టె, నీళ్ల తొట్టె, గాలి పంపు. పోర్టుకీ, షిప్‌యార్డుకీ, మర్రిపాలెం లోకోషెడ్డుకీ, ఇండస్ట్రియల్ ఎస్టేటుకీ డ్యూటీలకెళ్లేవాళ్లు ఎందరో సైకిళ్ల మీదే వెళ్లేవారు. "సాయిబుగోరూ, బేగి గాలి కొట్టీండి, డూటీకి టైమైపోతంది" అని ఎవరో ఒకరు తెల్లారకముందే పిలిచేవారు. అబ్బా ఫజర్ నమాజు చేసుకొచ్చి బనీను మీదే పంపు పట్టుకునేవాడు. మాకు ఇంట్లో ఉర్దూ, షాపులో తెలుగు. పానాకీ, సొల్యూషన్‌కీ, చక్రం బెండు తియ్యడానికీ మాత్రం రెండు భాషలు లేవు.

నేను బి.ఏ. చదివి పత్రికల్లో పడ్డాను. నలభై దాటాక షుగరొచ్చింది. డాక్టరు నడవమన్నాడు. నేను సైకిలెక్కాను. ఒక పాత గేర్ల సైకిలు కొని తీరిక దొరికినప్పుడల్లా దూరాలు తొక్కడం మొదలుపెట్టాను. దూరం పెరిగేకొద్దీ పందేల సంగతులు చెవిన పడ్డాయి.

పడమటి దేశాల్లో ఇప్పుడు కంకర దారుల మీద సైకిలు పందేలంటే మోజు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం ఎంపోరియాలో 2006లో మొదలైన పందెం అన్నిటికన్నా పేరున్నది. 200 మైళ్లు, అంటే 320 కిలోమీటర్ల పైచిలుకు. చెకుముకి రాళ్ల దారి. దాని మొదటి పేరు 'డర్టీ కాన్జా'. కాన్జా అంటే అక్కడి ఆదివాసీ జాతి పేరు. 2020లో ఆ పేరు తీసేసి 'అన్‌బౌండ్ గ్రావెల్' అని పెట్టుకున్నారు. ఒక జాతి పేరుకు మురికి అన్న మాట అంటుకుని ఉంటే తొక్కేవాళ్లకు అది దుమ్ము గురించిన హాస్యం. దాని బరువు ఆ పేరు మోసేవాళ్లకే తెలుస్తుంది. ఇది చదివినప్పుడు నాకు కాన్సాస్ దూరమనిపించలేదు.

మన దగ్గర దానికి దగ్గరగా ఉన్నది బ్రెవే. 1904లో పుట్టిన ఆడాక్స్ క్లబ్ పారిసియన్ పెట్టిన నిబంధనలతో నడుస్తుంది. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 600కు 40 గంటలు గడువు. ఫస్టు లేదు, సెకండు లేదు. గడువులోగా వచ్చినవాళ్లంతా ఒకటే. మధ్య మధ్య కంట్రోల్ పాయింట్ల దగ్గర కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. వెనకాల మనకోసం కారు రాకూడదు. దారిలో చక్రం పాడైతే ఎవరి చక్రం వాళ్లే బాగుచేసుకోవాలి. ఈ నిబంధన చదివి నవ్వుకున్నాను. వేల కిలోమీటర్లు తొక్కే మొనగాళ్లందరికీ ముందు రావలసిన విద్య మా అబ్బా విద్యే.

నేను విశాఖ నుంచి గాలికొండ దాకా వెళ్లి తిరిగొచ్చే 200లో దిగాను. కార్డు రాసే అబ్బాయి నా పేరు చూసి "హైదరాబాదాండీ?" అన్నాడు.

"కంచరపాలెం."

"ఇప్పుడుంటున్నది కాదండీ, సొంతూరు?"

"కంచరపాలెమే బాబూ."

పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాటాం. బొడ్డవర తర్వాత ఘాట్. అనంతగిరి పైన రోడ్డు పనులకని తారు లేపి కంకర పరిచి వదిలేసిన ముక్కలొచ్చాయి. కంకర మీద హ్యాండిల్ బిగించి పట్టుకుంటే పడేస్తుంది. వదులుగా పట్టుకుని, బరువు వెనక్కి వేసి, దిగేటప్పుడు ముందు బ్రేకు జోలికి పోకుండా సాగిపోవాలి. చక్రంలో గాలి కొంచెం తగ్గించాలి. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. దాన్ని పాము కాటు అంటారు. ఈ లెక్కలు ఇప్పుడు వీడియోల్లో చెబుతున్నారు. అబ్బా బొటనవేలితో టైరు నొక్కి చెప్పేవాడు.

తిరుగుదారిలో ఒక కుర్రాడు సైకిలు తలకిందులుగా పెట్టి నిలబడి ఉన్నాడు. లక్షల సైకిలు. దగ్గరున్న కొత్త ట్యూబు అప్పటికే ఒకసారి వాడేశాడు. అదీ పాము కాటు తింది. టైరు పక్కన కోత కూడా పడింది. నాకు మిగిలింది నాలుగున్నర గంటలు, 85 కిలోమీటర్లు. అయినా ఆగాను.

నీళ్ల తొట్టె లేదు కాబట్టి ట్యూబు చెంపకానించి గాలి ఎక్కడ తగులుతుందో చూశాను. ఉప్పుకాగితంతో గీకి, సొల్యూషన్ పూసి, అది వేలికి అంటీ అంటనట్టు ఆరేదాకా ఆగి పట్టీ వేశాను. కుర్రాడు మెచ్చుకుంటూనే అన్నాడు: "భలే వేశారండీ. మీవాళ్లకి పుట్టుకతోనే వచ్చేస్తుంది కదా!"

"పుట్టుకతో రాదు. నాకు మూడేళ్లు పట్టింది. సరిగ్గా అంటనప్పుడల్లా మా అబ్బా పీకించి మళ్లీ వేయించేవాడు. రెండో చిల్లుకి నువ్వెయ్యి" అని సొల్యూషన్ చేతిలో పెట్టాను.

తొందరలో తడి మీదే అతికించాడు. పీకమన్నాను. టైము చూసుకున్నాడు, నన్ను చూశాడు, పీకాడు. రెండోసారి నిలిచింది. కోత దగ్గర టైరు లోపల పదిరూపాయల నోటు మడిచి పెట్టి బిగించాం. అరగంట పోయింది. ఇద్దరం పదమూడు గంటల పన్నెండు నిమిషాలకు చేరాం. ముద్ర వేశారు. ఎప్పుడూ ఏదో ఒక రుజువు అడిగించుకునే వాళ్లం మేం. ఆ కార్డు అడిగింది మాత్రం ఒక్కటే, నువ్వు ఇక్కడిదాకా వచ్చావా అని.

2006లో సచార్ కమిటీ ఏం చెప్పింది? ముస్లింలలో సొంత పనులూ చిన్న వ్యాపారాల మీద బతికేవాళ్లే ఎక్కువనీ, ప్రభుత్వ ఉద్యోగాల్లో వాళ్ల వాటా జనాభాకు తగ్గట్టు లేదనీ లెక్కలతో చూపింది. అంటే పంక్చర్ షాపు మా రక్తంలో లేదు. తలుపులు మూసుకున్న చోట మేం తెరుచుకున్న షాపది. ఆ తలుపులు తెరవమని అడుగుతూనే ఉంటాం. మా పిల్లలకు బడులు కావాలి, కొలువులు కావాలి. కానీ దానికోసం మా అబ్బాల పనిని తిట్టు చేయకండి. ఈ ఊళ్లో ఎన్ని షిఫ్టులు ఆ పంపు గాలి మీద టైముకు చేరాయో ఎవరూ లెక్క రాయలేదు.

అబ్బా ఇప్పుడు లేడు. షాపూ లేదు. పానా నా సైకిలు సీటు కింద సంచిలో ఉంది. దారిలో ఎవరికి అవసరం పడినా ఆపండి, వేసిపెడతాను, నేర్పుతాను కూడా. సొంతూరేదని మాత్రం రెండోసారి అడక్కండి.