గాజుతొట్టెలో మడ్డి

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్టు బ్లెయిరుకు మేము బదిలీపై వచ్చిన తొలి ఏడాదిలోనే, మా అమ్మాయి పోరు పడలేక అబర్డీన్ బజారులో రెండడుగుల గాజుతొట్టె ఒకటి కొన్నాము. చుట్టూ ఇంత సముద్రం ఉండగా ఇంట్లో మళ్లీ చేపలెందుకని మా శ్రీమతి అడగకపోలేదు. సెలవులకు విశాఖపట్నం వెళ్లి వస్తూ తడి కాగితాలలో చుట్టి తెచ్చిన వాలిస్నేరియా, క్రిప్టోకోరైన్ మొక్కలను నాటి, ఎనిమిది గప్పీ చేపలను వదిలాము. పది రోజులు తొట్టె కన్నుల పండువుగా ఉన్నది. పిదప మొదలైంది మడ్డి.

గోధుమరంగు నలుసులు ఆకులపై పేరుకొనేవి. చేప తోక ఆడిస్తే పొగలాగా లేచి, మళ్లీ గులకరాళ్ల మీద సర్దుకొనేవి. ఎవరికి తోచిన సలహా వారిచ్చారు. రాళ్లు తీసివేసి సముద్రపుటిసుక పోయమన్నారొక మిత్రుడు. ఇక్కడి తీరాల ఇసుకలో పగడపు తునకలు, గవ్వల పొడి కలిసి ఉంటాయి; అది సున్నమే కనుక మంచినీటిని గట్టినీరుగా మారుస్తుంది. పైగా 2001 నుంచి పగడాలకు వన్యప్రాణి చట్టపు రక్షణ ఉన్నది. ఆ ఆలోచన మానుకొని, ప్రతి ఆదివారమూ తొట్టెను పూర్తిగా ఖాళీచేసి, రాళ్లను కుళాయి కింద కడిగి, ఫిల్టరులోని స్పాంజిని తెల్లబడేదాకా పిండి, కొత్త నీరు నింపసాగాము. బుధవారానికి మడ్డి మళ్లీ ప్రత్యక్షం!

ఈ పట్టణపు తాగునీటికి ప్రధానాధారం ధనిఖరి ఆనకట్ట వెనుక నిలిచే వాననీరు. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడేచోట నీటికి కరవేమిటని పాఠకులకు అనిపించవచ్చు. వాలు కొండల మీద కురిసిన నీరు నిలవక సముద్రంలో కలుస్తుంది. జనవరి దాటితే మే నెలలో వానలు వచ్చేదాకా చినుకు అరుదు. ఆ వేసవిలో మా క్వార్టర్సుకు మూడు రోజులకొకమారు కుళాయి వచ్చేది. మేము తొట్టెకు పోసే నీరు వారానికి యాభై లీటర్లు. "తాగేందుకు బిందెలు లెక్కపెట్టుకుంటుంటే చేపలకు తలంట్లా?" అన్నది మా శ్రీమతి. ఆ మాటకు మా వద్ద సమాధానం లేదు.

నాలుగో ఆదివారం కడిగిన తొట్టెలో మంగళవారం ఉదయానికి మూడు చేపలు తేలాయి. వాటిలో ఒకటి పిల్లలను పెట్టవలసిన తల్లిచేప. నీరు మాత్రం అద్దంలా ఉన్నది. అమ్మాయి ఏడవలేదు, రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన పొరుగింటి పెద్దాయన సంగతి విని, "మా ఊరి చెరువులో వేసవికి ఒండ్రు తీసి పొలాలకు తోలేవాళ్లం గానీ, చెరువును ఏనాడూ కడగలేదు బాబూ!" అన్నారు. ఆ మాట పట్టుకొని చదివితే మా తప్పు తెలిసింది. చేపల విసర్జనలోని అమ్మోనియాను మొదట నైట్రైటుగా, తర్వాత అంత హానిలేని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు స్పాంజిలోను, రాళ్ల మీదను కాపురముంటాయి. క్లోరిన్ కలిపిన కుళాయి నీటితో వారం వారం వాటిని మేమే కడిగి పారబోశాము. అద్దంలాంటి ఆ నీరు చేపలకు విషమైంది.

మడ్డి పుట్టుక వేరు. నీరు తేనీటి రంగులో ఉంటే అది కొయ్యముక్కలనుంచి దిగిన రంగు. గాజు మీద వేలితో తుడిస్తే పోయే గోధుమ పొర కొత్త తొట్టెలలో పుట్టే డయాటమ్ అనే నాచు. మాది ఈ రెండూ కాదు. చోటు మారిన క్రిప్టోకోరైన్ ఆకులు కుళ్లి రాలడం ఒకటి, అమ్మాయి ఉదయం, మేము సాయంత్రం, ఒకరికి తెలియకుండా ఒకరు మేత వేయడం మరొకటి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆగిన ఫిల్టరు తనలోని మురికిని ఒక్కసారిగా కక్కేది.

ఇప్పుడు మేత రోజుకొకసారి, రెండు నిమిషాలలో తినగలిగినంతే. వేసేది అమ్మాయి ఒక్కతే. పండిన ఆకును కుళ్లక మునుపే తుంచుతాము. వారానికొకసారి సన్నని గొట్టాన్ని రాళ్ల మీదుగా ఆడిస్తూ, వేళ్లను కదిలించకుండా, పైకి తేలిన మడ్డితోపాటు పావువంతు నీరు మాత్రమే లాగుతాము. అలా తీసిన నీటిలోనే స్పాంజిని ఒకమారు పిండి తిరిగి పెడతాము. తెల్లబడాలన్న పట్టుదల లేదు. పోసే కొత్తనీటిని ఒక రోజు ముందే బకెట్టులో నిలవ ఉంచుతాము. కరెంటు చాలాసేపు పోతే, ఫిల్టరులో నిలిచిన నీటిని పారబోశాకే మళ్లీ నడుపుతాము.

రెండు నెలలకు మొక్కలు కొత్త చిగుళ్లు వేశాయి. మొదళ్లలో కాస్త మడ్డి ఇప్పటికీ ఉన్నది. దానిని అవి తింటున్నాయని వదిలేశాము. తీసిన గోధుమరంగు నీటి కోసం ఆదివారం ఉదయమే బకెట్టు పట్టుకొని నిలబడేది మా శ్రీమతి. పెరట్లోని కరివేపాకు మొక్కకు ఆ నీరు బాగా పట్టిందట. మిగిలిన అయిదు చేపలలో ఒకటి మొన్న పిల్లలను పెట్టింది. పదకొండని అమ్మాయి లెక్క. మాకు తొమ్మిదే కనిపించాయి.