కొయ్య తొలువక మునుపే

పని చేయుట కష్టమనియు, చేయించుకొనుట సులభమనియు మనలో పలువురము తలంతుము. నేనును మొన్నటివరకు అట్లే తలంచియుంటిని. నా తెలివితక్కువవలన ఒక చిన్నదానికి కలిగిన కష్టమును, దానివలన నేను నేర్చుకొన్న పాఠమును సోదరీమణులకు విన్నవించుకొనుట మంచిదని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మాది విజయనగరము. 1919లో స్థాపింపబడిన సంగీత కళాశాల యున్న యూరగుటచే, మా వీధిలో సాయంకాలమైనచో ఏదో యొక యింట వీణయో, ఫిడేలో వినబడుచునే యుండును. పెండ్లికి మునుపు నేర్చిన వీణను, పిల్లలు పెద్దవారైన పిదప మరల చేపట్టి, ఇరుగుపొరుగు పిల్లలకు పాఠములు చెప్పుచుంటిని. అమెరికాలోనున్న మా యాడుబిడ్డ, “వదినా, ఇక్కడ మనవాళ్ల పిల్లలు నేర్చుకోవాలని ఉబలాటపడుతున్నారు. నీకొక వెబ్‌సైటు ఉంటే వాళ్లే వెతుక్కుంటూ వస్తారు” అని ప్రోత్సహించెను.

శ్రీకాకుళములో నొక పిల్ల ఇంటనుండియే వెబ్‌సైటులు చేసి యిచ్చుచున్నదని తెలిసినవారు చెప్పిరి. ఏ కంపెనీలోను నెలజీతమునకు కుదురక, ఎవరి పని వారికి చేసియిచ్చి ప్రతిఫలము తీసికొను నిట్టివారిని ఫ్రీలాన్సర్లందురు. కొలతలు తీసికొని పోయి రవికెలు కుట్టి తెచ్చు దర్జీవంటివారే వీరును. ఫోనులో మాటలాడి, కొంత సొమ్ము ముందుగా పంపితిని. “పిన్నిగారూ, ఏమేం కావాలో ఒక కాగితం మీద రాసి పంపండి” అని యామె అడిగెను. “నీకు తెలియనిదా అమ్మా! చక్కగా ఉండేటట్లు చెయ్యి” అని నేను బదులు చెప్పితిని. ఎంత యుదారముగా మాటలాడితినని మురిసితిని గూడ!

మూడు వారములలో ఆమె చేసి చూపినది. రంగు బాగులేదంటిని, మార్చినది. మరల మొదటి రంగే మేలంటిని, మరల మార్చినది. నా ఫోటోలను, పాఠముల వివరములను పంపుమని యామె నాలుగుమారులు అడుగగా, సిరిమాను పండుగకు వచ్చిన బంధువుల సందడిలో నెల యాలస్యము చేసితిని. అంతయు ముగిసినదనుకొన్న పిదప, అమెరికాలోని తల్లులు తమకు వీలైన వేళను తామే యెంచుకొని, రుసుమును గూడ అక్కడనే చెల్లించు నేర్పాటు కావలెనని మా యాడుబిడ్డ చెప్పెను. దానిని “ఇంకొక్క చిన్న మార్పు” అని పేరుపెట్టి ఆ పిల్లకు పంపితిని. వారము దినములు ఆమె పలుకలేదు. నాకు కోపము వచ్చినది. ఇయ్యవలసిన మిగులు సొమ్మును ఆపివేసితిని.

తుదకు ఫోను వచ్చినది. “పిన్నిగారూ, అది చిన్న మార్పు కాదండీ. చాలా మటుకు మళ్లీ మొదటినుంచీ చెయ్యాలి. మీకెలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను, అది నా తప్పే. కాని మీ పని కోసం వేరే రెండు పనులు వదులుకున్నాను. ఈ నెల కంప్యూటరు వాయిదా కట్టలేకపోయాను” అని చెప్పుచు, గొంతు తడబడగా ఆపివేసెను. నాకు జాలి కలిగినది గాని, నా తప్పేమో బోధపడలేదు.

ఆ వారముననే మా యమ్మగారి నాటి వీణకు మెట్లు సరిచేయించుటకై, బొబ్బిలి దగ్గరనున్న గొల్లపల్లికి పోయితిని. బొబ్బిలి వీణలు తయారగునది ఆ యూరనే. కుండను, దండిని వేరువేరుగా చేసి యతుకక, పనసమ్రాని దుంగ నొక్కదానినే తొలిచి చేయుట యా వీణలకు పేరు తెచ్చిన పనితనము. అక్కడ నొక వృద్ధుడు కొత్త వీణకై కొయ్య తొలుచుచుండెను. “పని సగంలో ఉండగా వచ్చి, ఇలా కాదు, అలా కావాలంటే ఏం చేస్తారు?” అని అడిగితిని. ఆయన ఉలి దించి యిట్లు చెప్పెను.

“మెట్లంటే మైనం మీదుంటాయి తల్లీ, ఎన్నిసార్లయినా సర్దుతాం. కర్ర తొలిచీసినాక మాత్రం మరేటీ సెయ్యలేం. కుండ పెద్దది కావాలంటే ఎలగొస్తాది? ఇంకో దుంగ తేవాల. అందుకే ముందు ఇద్దరం కూకొని మాటాడుకుంటాం. అప్పుడే ఉలి పడతాం.”

వెబ్‌సైటులో రంగులు, బొమ్మలు మెట్లవంటివి. మైనము మీద నుండును. వచ్చినవారు అందులో నేమి చేయవలెను, సొమ్మెట్లు చెల్లింపవలెను అనునవి కుండవంటివి. నేను కొయ్య తొలిచిన పిదప కొలత చెప్పితిని!

ఇల్లు చేరిన రాత్రియే మిగులు సొమ్ము పంపి, క్షమింపుమని చెప్పి, కొత్త పనికి వేరుగ ప్రతిఫల మిచ్చుట కొప్పుకొంటిని. ఈమారు కాగితము ముందుంచుకొని మాటలాడితిమి. వెబ్‌సైటు ఎవరికొరకు, ఏయే పనులకొరకు అనునది మొదట వ్రాసికొంటిమి. నేను ఫోటోలు, వ్రాతలు ఏ తేదీకి పంపవలెనో, ఆమె ఏ తేదీకి పని చూపవలెనో నిర్ణయించుకొంటిమి. రెండు దిద్దుబాట్లు ఒప్పుకొన్న సొమ్ములోనే చేయవలెను. ఆపైవానికి వేరుగ నీయవలెను. సొమ్ము మూడు భాగములు: మొదట నొకటి, సగములో నొకటి, ముగిసిన పిదప నొకటి. పని సాగినను సాగకున్నను వారమున కొకమారు ఆమె కబురు చెప్పవలెను. డొమైననబడు వెబ్‌సైటు పేరు నా పేరనే నమోదు కావలెను, పాస్‌వర్డులు నాకప్పగింపవలెను. అది పరుల పేర నున్నచో, మన కొట్టు తాళపుచెవి పరులచేత నున్నట్లే. ఆ పేరునకును, సర్వరులో చోటునకును ఏటేట చెల్లింపవలసిన సొమ్ము ఆమె ప్రతిఫలములో చేరదని గూడ అప్పుడే తెలిసికొంటిని.

మా యత్తగారు నవ్వి, “తెలిసిన పిల్లతో కాగితాలేమిటే?” అనిరి. తెలిసినవారితోనే కదా మొగమాట మెక్కువ! మొగమాటముచేతనే నేను కావలసినది చెప్పలేదు. ఆమె కానిది చెప్పలేదు. కాగితము నమ్మకము లేనివారికి కాదు, నమ్మకమును నిలుపుకొనగోరువారికి.

ఇప్పుడు మా యింట తెల్లవారుజామున పాఠము; అమెరికాలో నది సాయంకాలము. నలుగురు పిల్లలు చేరినారు. కంప్యూటరు వాయిదాలు తీరినవని ఆ పిల్ల మొన్న ఫోనులో చెప్పినప్పుడు నాకు ప్రాణము కుదుటపడినది.

సోదరీమణులారా! రవికె కుట్టించినను, ఇల్లు కట్టించినను, వెబ్‌సైటు చేయించినను, మనకు కావలసినది పనివారు ఉలి పట్టక మునుపే చెప్పుదము. వారి కష్టార్జితమును వేళకు చేర్చుదము.