జొన్నలోని జకారం

ఆంగ్లంలో 'జెస్ట్' అని మనం రాసే మాటలు రెండు. ఒకటి పరిహాసం, మరొకటి ఉత్సాహం. పరిహాసంలోనిది మన తాలవ్య జకారమే, దానితో చిక్కు లేదు. రెండవదానిలో నాలుక పైకి పూర్తిగా అంటదు; సకారానికి నాదం తోడైనట్లు ధ్వని సన్నగా సాగుతుంది.

ఇది మనకు బొత్తిగా పరాయిదా? తెలుగు మాటలలో ఇ, ఈ, ఎ, ఏలతో కూడిన చజలు తాలవ్యాలనీ, తక్కినవి దంత్యాలనీ చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చెబుతుంది. జొన్న, జున్ను, జల్లెడ దంత్యాలు. ఆ దంత్యం ఈ ధ్వనికి దగ్గరి చుట్టమే. (దాని గుర్తు ౙకు యూనికోడ్‌లో 2008లో చోటు దక్కింది. కావాలంటే 'ౙెస్ట్' అని రాసుకోవచ్చు!) అందుకే మా పల్లెపిల్లలు 'జూ'ను ఇంచుమించు సరిగానే పలికి, 'జీరో' దగ్గర తాలవ్యంలోకి జారేవారు. అది మొద్దుతనం కాదు, సూరిగారి సూత్రం వారి నాలుకపై ఉండటమే. దానికి నవ్వే పట్నవాసులను చూస్తే నాకు ఒళ్లు మండేది.

ముందు 'జొన్న' అనిపించి, ఆ జకారాన్ని వదలకుండా 'జీరో' అనమనేవాణ్ణి. ఆపైన నాలుకను కాస్త సడలించి, తుమ్మెదలా సాగదీయమనేవాణ్ణి. తరగతంతా ఝుంకారం! పక్కగది ఆంగ్లోపాధ్యాయులు వచ్చి తొంగిచూసేవారు.